ఇరవై ఏడో గడి

విజ్ఞాన సర్వస్వంలో ఆ పేజీ లేదని
కిందటి చలికాలంలో తెలిసింది.
టొరంటో మీద మంచు పడుతూనే ఉంది, నిద్ర పట్టలేదు,
లేచి నేనే మొదలుపెట్టాను:
సైకిల్ మెసెంజర్లు, వాళ్ల వీధి పందేలు.

మొదటి వాక్యం సాఫీగానే దిగింది.
సంతకం కావలసిన కాయితాలు ఒకప్పుడు
మనుషుల వీపుల మీద ఊరు దాటేవి.
రెండో వాక్యం కింద తెల్లారేసరికి ఎవరో రాసి పెట్టారు:
మూలం చూపండి.

మూలమా?
నా ఎడమ కణత చూడండి.
పదకొండేళ్లు హెడ్‌ఫోన్ ఒత్తిన చోట జుట్టు మొలవదు.
కిటికీ లేని గదిలో కూర్చుని
ఊరంతా చెవితో చూసినదాన్ని.
ఏ సందు ఏ గోదాము వెనక తేలుతుందో,
ఏ లిఫ్టు బుధవారాలు మొరాయిస్తుందో,
తడి బూట్లు చూస్తే ఏ కాపలావాడు
తలుపు తీయడం మర్చిపోతాడో,
అన్నీ నోటికే.

వాళ్లు బయట.
రోడ్డు ఉప్పు తిని తుప్పు పట్టిన చెయిన్లు,
పిక్కల మీద గ్రీజు పళ్లగుర్తులు,
బ్యాంకు మెట్ల మీద నలుగురికి ఒకే కాఫీ.
అద్దె కట్టే వారం వచ్చిందంటే
ఎర్ర దీపాలకు ఎవరూ ఆగేవాళ్లు కాదు.

పందెం గురించి కూడా రాశాను.
శుక్రవారం పని దిగాక సైకిళ్లన్నీ కుప్పగా పడేసేవాళ్లు,
ఒక్క కేక,
పరిగెత్తుకెళ్లి ఎవరిది వాళ్లు లాక్కోవడం.
చేతిలో చీటీ, చీటీలో ఎనిమిది చోట్లు.
దారి మాత్రం ఉండదు,
దారి ఎవరి బుర్రలో వాళ్లదే.
మూడో చోట పచ్చి ఉల్లిపాయ మొత్తం నమలాలి,
ఆరో చోట బేకరీ ముసలామె నవ్వితేనే ముద్ర పడుతుంది.
గెలిచినవాడికి ఒక టైరు.
ఆఖరున వచ్చినవాడికీ ఒక టైరు.
మధ్యవాళ్లకి దాహం.

ఉల్లిపాయ తీసేశారు.
బేకరీ ముసలామెనూ తీసేశారు.

సరే, మూలమే కావాలిగా అని
లైబ్రరీ నేలమాళిగలో రెండు వారాలు పాత పేపర్లు తిరగేశాను.
మా గురించి అచ్చయింది ఒక్కటే.
పదిహేడో పేజీ, పరుపుల ప్రకటన కింద నాలుగు లైన్లు:
ట్రక్కు తలుపు తగిలి సైకిలిస్టు తిమోర్ సలాయ్, 29, మృతి.
హెల్మెట్ లేదు.

తిమోర్ కాదు.
తిబోర్.

దాచడమెందుకు, ఆ పేరు నాకూ అప్పటిదాకా తెలియదు.
నాకతను ఇరవై ఏడు.
ఇరవై ఏడూ, ఎక్కడున్నావ్?
నీ చెవిలో, అనేవాడు.
ఆ మంగళవారం మూడుసార్లు పిలిచాను.
నాలుగోసారి వేరే గొంతు రేడియో అందుకుంది,
జేబులో దొరికిన కార్డు చూసి
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.
అలా తెలిసింది పేరు.

ఇప్పుడు పేజీలో తిమోర్ ఉన్నాడు.
పక్కన చిన్న అంకె,
అడుగున పత్రిక, తేదీ, పుట.
దాని మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

నేను వెళ్లి ఒక్క అక్షరం మారుస్తాను.
ఏ దేశంలోనో మేలుకుని ఉన్న ఓపికమంతుడు
దాన్ని మళ్లీ వెనక్కి మారుస్తాడు.
అతని మీద కోపం లేదు.
అతని చేతిలో చీటీ ఉంది,
చీటీలో ఉన్న చోటికే వెళ్తున్నాడు.
నా దారి నా బుర్రలో ఉంది.

ఈ రాత్రి పదకొండూ నలభైకి మార్చాను.
పాత డిస్పాచ్ పుస్తకం తీసి
ఇరవై ఏడో గడిలో టైము వేశాను.
ఎంతసేపు నిలుస్తాడో చూడాలి.

ఇంతవరకూ రికార్డు
తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు.