నాలుగు మిల్లీమీటర్లు

మా దీవిలో చెట్లుండవు.
గాలి నిలబడనివ్వదు, మొలిచినదాన్ని గొర్రె వదిలిపెట్టదు.
కలప కావాలంటే సముద్రం వైపు చూడాలి.

ఫిబ్రవరి తుఫాను వెళ్లిన మర్నాడు
హ్వాల్బా ఇసుకలో ఒక దుంగ దొరికింది.
సైబీరియా నదుల్లోంచి కొట్టుకొచ్చిన లార్చి అని
పడవల షెడ్డు దగ్గర ముసలి ఎయ్‌లర్ వాసన చూసి చెప్పాడు.
నేను కంచె గుంజలనుకున్నాను.
రన్వా దానిమీద గుప్పిటతో కొట్టి, చెవి ఆనించి,
"నాన్నా, ఇది గిటారు" అంది.
పద్నాలుగేళ్ల పిల్ల.
కొనడానికి డబ్బు లేదని చెప్పడం కంటే
రంపం తియ్యడం తేలిక.

పొయ్యి వెనక ఏడు నెలలు ఆరబెట్టాం.
చీలిస్తే లోపల ఒక తుప్పు మేకు, ఎవరి చేతిదో,
దాని చుట్టూ నల్లటి మరక.
మరక పైకి కనపడాలంది. సరే.
మెడకి విరిగిన తెడ్డు.
మెట్లకి తీగ కోపెన్‌హేగన్ నుంచి పోస్టులో వచ్చింది,
ఖరీదు సోల్రున్‌కి సగమే చెప్పాం.
చేపల ఫ్యాక్టరీ నుంచి ఆమె వచ్చేసరికి
ఉప్పుడబ్బాలో ఇనుపరజను, బ్రెడ్డుమీద రంపపు పొట్టు.
"ఇవాళ సూపులో ఏ కలప?" అనేది, కోటు విప్పకుండానే.

వెంట్రుక కంటే సన్నని రాగితీగ,
అయస్కాంతాల చుట్టూ ఏడువేల చుట్లు.
మా అమ్మ కుట్టుమిషను చక్రం నేను తిప్పుతుంటే
రన్వా వేళ్లసందున తీగ పట్టి లెక్కపెట్టేది.
ఆరువేల నూట పన్నెండు దగ్గర తెగింది.
ఇద్దరం ఏమీ అనుకోలేదు.
తను లేచి వెళ్లి గొర్రెలకు మేత వేసి వచ్చింది.
నేను మిషనుకి నూనె వేశాను.
మళ్లీ, ఒకటి.

ఇంజను గదిలో ఇరవై రెండేళ్లు.
ట్రాలరు డీజిలు నా చెవుల్లోని పైస్వరాలన్నీ మేసేసింది.
పిట్టలు ఎగురుతాయి, కూయవు.
కెటిలు ఆవిరి కక్కుతుంది, ఈల వెయ్యదు.
ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

తీగలు బిగించిన రాత్రి
పాత రేడియోకి కలిపితే ముందు పలికింది గుర్రు.
మొద్దు గుర్రు. అది నాకు బాగా వినిపించింది.
రన్వా తీగలమీద అరచెయ్యి వెయ్యగానే ఆగింది.
తీస్తే మొదలు, వేస్తే సద్దు లేదు,
పొట్టమీద చెయ్యి పడేదాకా ఊరుకోని పసిదానిలా.
ఇంకో పొర రాగిరేకు వేస్తే పోతుందన్నాను.
"వద్దు, ఉండనీ" అంది.

తర్వాత వాయించింది. ఎలా ఉందన్నాను.
"బాగుంది నాన్నా."
మూడు రోజులు అదే మాట.
మూడు రోజులూ ఆ చివరి నాలుగు మెట్లు దాటి
చెయ్యి ఒంటివైపు రాలేదు.

శనివారం చీకటితో మంచినీళ్లకి లేచాను.
బల్లమీద గిటారు వెల్లకిలా ఉంది.
బ్రిడ్జి జరిగి ఉంది.
పాత మరచిల్లుల్లో అగ్గిపుల్లలు జిగురుతో దిగ్గొట్టి,
కోసి, ఇసుక కాగితంతో రుద్ది,
పైన కాఫీ మడ్డితో రంగు పూసి ఉంది.
నాలుగు మిల్లీమీటర్లు.
ఆరువందల నలభై ఏడు ఉండాల్సిన చోట
కళ్లద్దాలు లేకుండా
నలభై మూడు దగ్గర గీసింది నేనే.
ఆ తప్పు మూడు రోజులు ఇంట్లో మోగింది.
సోల్రున్‌కి వినిపించే ఉంటుంది. పిల్లికి కూడా.

ఏం చెయ్యను?
ఒక అగ్గిపుల్ల మొన ఇంకా వేలికి గరుగ్గా తగిలింది.
కాగితం ముక్క తీసుకుని రుద్దాను,
చప్పుడు కాకుండా, నాకు తెలిసినంతలో.

పొద్దున రన్వా అక్కడ తడిమి చూసింది.
నావైపు చూడలేదు.
మెడమీద చెయ్యి మొదటిసారి పైదాకా పాకింది.
ఏం పలికిందో నాకు తెలియదు.
దవడ చెక్కకి ఆనించమంది.
ఆనించాను. చెంపకింద మేకు మరక చల్లగా ఉంది.
ఎముకలో ఏదో కదిలి పళ్లదాకా వచ్చింది.

"ఇప్పుడు?" అంది.
ఇంకోసారి, అన్నాను.