ఎడమవైపు మీట

రెండు పెట్టెలు తెచ్చి నా లేతు పక్కన దించింది
ఇర్మా కాత్రిలెయో.
ఒకటి తేలిక, కొండ లోపలి గుడగుడలు రాసుకునేది.
ఒకటి బరువు, దానికి తిండి పెట్టే బ్యాటరీ.
"ఈ రెంటినీ కలపాలి మార్సియాల్.
గాలి విడదీయకూడదు.
నేను విడదీయగలగాలి."
అంతే చెప్పి
పొయ్యి మీది పిన్యోన్ గింజలు
ఊదుకుంటూ ఒలుచుకు తింది.

ఇప్పటిదాకా నాలుగు మరమేకులుండేవట.
పోయిన జూలైలో, నడిచలికాలం, అగ్నిపర్వతం భుజమ్మీద
చేతొడుగులు తీసి ఒక్కొక్కటే విప్పుతుంటే
మూడోది మంచులో పడింది.
వెతికీ వెతికీ చిటికెనవేలి కొస నల్లబడింది.
ఆ వేలు నాకు చూపించలేదు.
లెక్క మాత్రం చెప్పింది:
నాలుగు మేకులు, పదకొండు నిమిషాలు.

మొదట స్ప్రింగు పెట్టాను.
షెడ్డులో టక్కుమని పట్టింది, టక్కుమని వదిలింది.
మాంసం కొట్టు శీతల గదిలో ఒక రాత్రి ఉంచితే
తెల్లారేసరికి బెల్లం కొట్టిన రాయి.
తర్వాత అయస్కాంతం.
"కొండ మాట వినే చెవి పక్కనా?"
ఇర్మా పగలబడి నవ్వింది.
మూడు రోజులు బల్ల మీద రెండు పెట్టెలూ
ఎడమొహం పెడమొహం.

నాలుగోనాడు దోన్ బెలార్మినో వచ్చాడు,
జీను కొక్కెం అతికించమని.
ఆ సామాను పైకి మోసేవి ఆయన కంచరగాడిదలే.
నా తిప్పలు విని, ఏమీ అనకుండా
నడుముకున్న తాడు తీసి బల్లకాలికి ముడేశాడు.
"లాగు."
కాలు తన్నిపెట్టి లాగాను.
బల్ల కదిలింది, ముడి కదల్లేదు.
లాగినకొద్దీ బిగిసింది.
అప్పుడాయన వేలాడే కొసని రెండు వేళ్లతో
మీసంలో చిక్కిన రొట్టెముక్కని తీసినట్టు
అలా తీశాడు.
తాడు నేలమీద.

"గాడిద లోయలోకి జారితే
మూటని వదిలెయ్యాలి కదా," అన్నాడు.
"విప్పరాని ముడి నేనెప్పుడూ వెయ్యలేదు.
ఒక్కసారి వేశాను."
ఆ ఒక్కసారి సంగతి నేనడగలేదు.
కొక్కెం అతికించినందుకు డబ్బులూ అడగలేదు.

ఆ రాత్రి అల్యూమినియం పలకలో గాడి తొలిచాను,
పైన వెడల్పు, దిగినకొద్దీ ఇరుకు.
అందులోకి జారే నాలుక, విప్పారిన పావురం తోక.
బరువు పడితే ఇంకా లోపలికి దిగుతుంది,
ఊగినకొద్దీ కుదురుకుంటుంది.
నాలుక మీద ఇత్తడి రేకు పరిచాను,
ఒకే లోహం తనతో తను ఒరుసుకుంటే
ఒక కడుపున పుట్టినవాళ్ల తగువే, మరి వదలదు.
కరెంటు దాటడానికి నాలుగు బంగారుపూత మొనలు,
వాటి చుట్టూ రబ్బరు పెదవి.
అంచున ఒక మీట, పిల్లి చెవంత,
చేతొడుగులో మొద్దుబారిన బొటనవేలికి తెలిసేంత.
లోపల వంకర చక్రం;
మధ్యగీత దాటి ఒరిగిందంటే
తనంతట తాను వెనక్కి రాదు.

దూలానికి వేలాడదీసి ఎనభై కిలోల ఇసుక కట్టాను.
పక్కింటి పిల్లాడు ఆ బస్తా ఎక్కి ఊగాడు.
వాళ్లమ్మ నన్ను తిట్టింది.
పెట్టెలు విడిపోలేదు.

తర్వాతిది నేను చూడలేదు.
ఆగస్టు చివర, తూర్పునుంచి పుయెల్చె గాలి,
దాంతోపాటు బూడిద, ఇసుకలా పళ్ల మధ్య కరకర.
దిగిపొమ్మని రేడియోలో అరుస్తున్నారు.
మీట తిప్పింది.
ఆ గాలిలో చప్పుడు వినబడలేదట,
అరచేతికి తగిలిందట, చిన్న టిక్కు.
రాసుకున్న పెట్టెని రొట్టెల పొట్లంలా చంకన పెట్టుకుని
మంచులో కూర్చుని జారుతూ దిగింది.
బ్యాటరీ అక్కడే ఉండిపోయింది,
గాడి నోరు తెరుచుకుని.

నిన్న ఆ పెట్టెని మళ్లీ నా బల్ల మీద పెట్టింది.
నాలుక మడతల్లో బూడిద. వేలితో తుడిచాను.
"ఎన్ని సెకన్లు పట్టింది?"
"లెక్కపెట్టలేదు," అంది ఇర్మా.
లెక్కపెట్టకపోవడం ఆమెకిదే మొదలు.

"ఇంకోటి చెయ్యి. ఈసారి మీట ఎడమవైపు.
నాది ఎడమచేతి వాటం.
నీ పొయ్యి దగ్గర అన్ని పిన్యోన్లు తిన్నాను,
ఏ చేత్తో ఒలిచానో చూడలేదా?"

అప్పుడు చూశాను.
ఎడమచెయ్యి. చిటికెనవేలు.

పలక తిరగేసి
గీతలు మళ్లీ మొదటినుంచి గీస్తున్నాను.