బిస్కెట్ల డబ్బా పద్దు

సైకాలజీ శాఖ, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల నాది.
ఇరవై ఆరేళ్ళుగా నేను చేసేది ఒకటే పని:
మనసుని చదవడానికొచ్చిన పిల్లలకి
పూట గడిచే దారి చెప్పడం.

నా దగ్గర మూడు ఫైళ్ళుంటాయి.
నీలం దాంట్లో ఫెలోషిప్పులు. నూరుమంది అడిగితే ఆరుగురికి.
పచ్చ దాంట్లో పాఠాలు చెప్పే పని, వారానికి పది గంటలు.
కాగితం మీద పది.
మూడోది ఉత్త అట్ట, పేరు పెట్టలేదు.
చర్చి సంఘాల విరాళాలు,
పోయిన ప్రొఫెసర్ల పేరిట బహుమతులు,
ఎడమచేతి వాటం వాళ్ళకి మాత్రమే ఇచ్చే మూడొందల డాలర్లు.
వేణ్నీళ్ళకి చన్నీళ్ళన్నమాట,
వేణ్నీళ్ళున్నవాళ్ళకి.

యూనా టిజర్డ్ సెప్టెంబరులో వచ్చింది, తడిసిన కోటుతో.
సెయింట్ జాన్స్ పొగమంచుకి గొడుగు పనిచేయదు.
పడవ మునిగి, శవం దొరకని ఇళ్ళల్లో
మనుషులు ఎదురుచూడటం ఎప్పుడు మానేస్తారు,
అసలు మానేస్తారా? ఇదీ ఆమె చదువు.
"ఎన్నేళ్ళు పడుతుంది?" అన్నాను, ఫారంలో ఆ గడి ఉంది కనక.
"వాళ్ళకా, నాకా?" అంది.

కౌన్సిల్ వాళ్ళు రాశారు:
ఆలోచన హృద్యం, కొలమానం అస్పష్టం.
మరుసటేడు కొలమానం పెట్టింది.
కొలమానం స్పష్టం, కొత్తదనం స్వల్పం అన్నారు.
గోరుచుట్టు మీద రోకటిపోటు,
ఆ వారమే ఇంటద్దె డెబ్భై పెరిగింది.

ఆ తర్వాత ఏమేం చేసిందో నాకు తెలుసు,
సగం కాగితాల మీద సంతకం నాదే.
నాలుగొందల పన్నెండు జవాబు పత్రాలు దిద్దింది.
పక్క ల్యాబులో నెత్తికి తీగలు అంటించుకుని
గంటకి పదిహేను డాలర్లకి ఇంకొకరి ప్రయోగమైంది.
ఆ గీతలు చూసి వాళ్ళే అడిగారట, నిద్రపోయి ఎన్నాళ్ళైందమ్మా అని.
రాత్రిళ్ళు రేవు ఫ్యాక్టరీలో పీతల కాళ్ళు విరిచింది.
పొద్దున ఇంటర్వ్యూలకి వెళ్ళేముందు
వేళ్ళకి నిమ్మచెక్క రుద్దుకునేది.

గల్ కోవ్‌లో మిసెస్ పికో ఆ వాసన పట్టేసింది.
మునిగిన మొగుడి పేరిట పంతొమ్మిదేళ్ళుగా
చేపల లైసెన్సు రుసుము కడుతున్న మనిషామె.
కట్టొద్దని ఆఫీసులో ఎవరికీ నోరు రాలేదు.

మార్చిలో ఒక డబ్బా వచ్చింది, సరాసరి నా బల్ల మీదికి.
బిస్కెట్ల డబ్బా, మూత చుట్టూ నల్ల టేపు.
పదకొండు ఇళ్ళ డబ్బు: పేకాట రాత్రి వసూళ్ళు, రొట్టెల వేలం.
రెండు వేల మూడొందల నలభై డాలర్లు,
ఒక గుండీ.
చీటీ మీద: "ఆ పిల్లకి. అడిగేది అదొక్కతే."

నియమం నాకు కంఠతా వచ్చు, పదిహేడో పేజీ.
ఎవరి గోడు వింటున్నామో వాళ్ళ సొమ్ము ముట్టరాదు.
నియమం మంచిదే. నేనే టైపు చేశాను.
అయినా రెండ్రోజులు డబ్బా నా సొరుగులోనే ఉంది.
నేను సైకాలజీ చదవలేదు గానీ,
ఆ రెండ్రోజులు నేను చేసిన పనికి
యూనా థీసిస్‌లో ఒక అధ్యాయం ఉంది.

వెనక్కి ఇవ్వడానికి నా కారులోనే వెళ్ళాం.
దారంతా వైపర్లే మాట్లాడాయి.
మిసెస్ పికో కోప్పడలేదు. టీ పోసింది.
నోట్లన్నీ కళ్ళద్దాలు పెట్టుకుని లెక్కబెట్టింది,
చిల్లరతో సహా, పెదాలు కదుపుతూ.
"గుండీ ఏది?"
యూనా జేబులోంచి చెయ్యి తీయలేదు.
"అది డబ్బు కాదుగా," అంది.
ముసలామె నావైపు చూసింది, తీర్పు నాదన్నట్టు.
నేను చక్కెర కలుపుతున్నాను. నేను చక్కెర వేసుకోను.

సోమవారం పేరులేని ఫైలు తీసి ఒక పద్దు రాశాను:
టిజర్డ్, యూ. గుండీ, ఒకటి. రంగు గోధుమ.
దాత, గల్ కోవ్.
కాలపరిమితి అన్న గడి
ఖాళీగా వదిలేశాను.