గ్రేడింగు

గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు పాత మోటారిచ్చారు.
తుప్పు గీకితే తిరిగింది.
పాలిటెక్నిక్ సారు శనివారాలొచ్చి
ఎందుకు తిరిగిందో చెప్పారు.
మేం అయిదుగురం, స్క్రూడ్రైవరు ఒకటే.
బంగారుపాళెం హైస్కూలు సైన్సు గదిలో
కప్ప పటం కింద
దానికి చెయ్యి మొలిచింది.

తోతాపురి కాయ దొర్లుకుంటా వస్తుంది.
పచ్చదైతే ఎడమకి, పసుపైతే కుడికి.
మచ్చకాయను మాత్రం
ఎన్నిసార్లు దిద్దినా మంచిదే అంటుంది.
"దయగలది" అన్నాడు మునిచంద్ర.
తిరుపతి పోటీకి ఇంక తొమ్మిది రోజులు,
దాక్షాయణి నవ్వలేదు.

మేనేజరు చూడ్డానికొచ్చిన రోజు
మా అమ్మ కూడా వచ్చింది.
పదకొండు సీజన్లుగా ఆ ఫ్యాక్టరీలోనే
కాయలేరే మనిషి.
చెంగుకు చేతులు తుడుచుకుని
ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.
"తొడిమ కాడ వాసన చూడాల మ్మే,
రంగు అబద్ధం చెప్తాది."

సారు గబగబా పుస్తకంలో రాసుకున్నారు.

అది వరసగా ఇరవై కాయలేరింది, ఆగకుండా.
అమ్మ లెక్కపెట్టింది.
తర్వాత నా చెవిలో, మెల్లగా,
"దీనికి కూలెంత?"

మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు.
నేను కిందికి వంగి
ఊడని వైరును
బిగిస్తా ఉండిపోయినా.