మంగళవారం, సముద్రానికి సెలవు

ఇవాళ మంగళవారం.
చోర్కోర్ ఒడ్డున ఎవరూ వల వేయరు.
కడలికి కూడా వారానికో రోజు నిద్ర కావాలని
తాతలనాటి కట్టు.
ఓడార్టే ఇసుకలో కాళ్లు చాపుకుని
నిన్నటి వల విప్పుతున్నాడు.
చేపలేం లేవు.
ఒక ప్యాంటు కాలు, దానికి చుట్టుకుని ఇంకెవరిదో కాలు,
స్వెటర్ చెయ్యి, లంగా అంచు, బ్రా పట్టీ,
అన్నీ మెలికపడి
తాటి మొద్దంత లావున పేనుకుపోయాయి.
"బొడ్డుతాడులా ఉంది" అంటాడు.
నలుగురిని కన్నదాన్ని,
నాకు తెలుసు, ఇలా ఉండదు.

కత్తి పెడితే నైలాన్ తెగదు.
వల తెగుతుంది.

పొద్దున్నే ఉంపిని వచ్చింది ఎండుచేప కోసం.
ఉత్తరాది పిల్ల, పద్దెనిమిది నిండలేదు.
కాంటమాంటో సంతలో
తనకంటే బరువైన మూట నెత్తిన మోస్తుంది.
మూట విప్పితే సగం సరుకు ఎవరికీ పనికిరాదట:
చంకలో చెమట మరక, ఊడిన జిప్పు.
ఈ ఎండలో ఎవరు తొడుగుతారమ్మా, ఉన్ని కోటు?
ఆ సగాన్ని మళ్లీ తనే మోసుకెళ్లి
కాలువ గట్టున దించి వస్తుంది.
వాన పడ్డాక
మిగతా మోత కాలువ మోస్తుంది,
కూలి అడగకుండా.

మా చిన్నప్పుడు వీటిని
చచ్చిన తెల్లవాడి బట్టలు అనేవాళ్లు.
ఇంత మంచి గుడ్డ బతికున్నవాడెవడు వదులుకుంటాడని.
ఎవరూ చావలేదు.
బీరువాలు నిండాయి, అంతే.

నేనేం తక్కువ తినలేదు.
కట్టెల ధర మండిపోయిన ఏడు
చేపల పొయ్యిలో ఒక కోటు పెట్టాను.
మండలేదది. పాకంలా కరిగి కారింది.
మూడు తట్టల కవళ్లు నల్లబడిపోయాయి,
కుక్క కూడా మూతి పెట్టలేదు.

ఓడార్టే కేకేశాడు.
పిల్లవాడి బడి చొక్కా.
మెడ లోపల ఎర్రదారంతో కుట్టిన పేరు.
ఉంపిని కూడబలుక్కుని చదివింది:
టో, బి, యాస్.
వంకర కుట్లు, ఒకటి పెద్ద, ఒకటి చిన్న.
సూది పట్టడం రాని తల్లి ఎవరో
బిడ్డ చొక్కా తప్పిపోకూడదని
రాత్రి కూర్చుని కుట్టి ఉంటుంది.
తప్పిపోలేదు తల్లీ,
ఇదిగో, నా ఒళ్లో ఉంది.

ఉతికి తాడు మీద వేశాను.
ఉప్పు వదల్లేదు.

వచ్చే ఏడు చేప మళ్లీ ఒడ్డుకొస్తుందంటున్నారు
పడవలవాళ్లు.
బతికి బట్టకడితే చూద్దాం, అన్నాను.
సముద్రం అయితే అప్పుడే బట్ట కట్టేసింది,
ఒంటినిండా, అడుగుదాకా.
బతకడం సంగతే
ఎవరూ ఎత్తడం లేదు.

పొద్దు వాలుతోంది.
రేపు బుధవారం.
వల ఇంకా సగం కూడా విప్పలేదు.