ఎవరెత్తితే వాళ్లదే

మూసారంబాగ్‌లో మా మేడమీది గదికి
కంప్యూటరు ముందొచ్చింది, కుర్చీ తర్వాతొచ్చింది.
ఇంటర్నెట్టుకే ఇంకా ముహూర్తం కుదర్లేదు.
బెంగుళూరు ప్రెస్సుకి పంపాల్సిన పేజీలు
ఫ్లాపీల్లో పేరుకుంటున్నాయి.
ఒక్కో కొరియరుకీ నలభై రూపాయలు,
నాకు మిగిలేది ముప్ఫై.

కరెంటు బిల్లు వెనక
మూడు కంపెనీల పేర్లు రాసి గీతలు కొట్టాను.
ఒకడు వంద గంటలిస్తానన్నాడు,
మూడు నెలల్లో వాడెయ్యాలట.
ఇంకొకడు యాభై గంటలకి ఒక టోపీ ఉచితమన్నాడు.
ముందే చెప్పి పెట్టేవాణ్ణి
వాణ్ణే చూశాను.
మూడోది సర్కారుది:
ఫారం, రెండు ఫోటోలు, రేషన్ కార్డు జిరాక్సు.
సంతకం పెట్టాల్సినాయన సోమవారం వస్తారు.
ఏ సోమవారమో కౌంటర్లో ఎవరూ చెప్పరు.

కూడాను, హెచ్చవేశాను, భాగించాను.
గంటకి తొమ్మిదిన్నర దగ్గర
గెలిచాననుకుంటూ గీత కింద గీత గీస్తుంటే
టెలిఫోను మీటరు గుర్తొచ్చింది.
మూడు నిమిషాలకో కాలు
అది విడిగా తింటుంది.
నీళ్లకంటే చేదతాడు ఖరీదు.
పెన్సిలు కింద పెట్టేశాను.

పార్క్‌లేన్‌లో ఖలీల్ భాయి
మోడెం డబ్బా మీది దుమ్ము తుడుస్తూ అన్నాడు:
"రేటు ఛోడో మేడం.
ఫోనెత్తుతడా లేదా, గది చూడుండ్రి."

ఆ రాత్రి పదిన్నర దాటి
సగం చార్జీ మొదలయ్యాక
మోడెం వైరు పీకి పక్కన పెట్టి
ఉత్త ఫోనుతోనే ఒక్కొక్కరికీ చేశాను.

వంద గంటల వాడు ఎంగేజ్.
పదకొండుకీ ఎంగేజ్.
పావు తక్కువ పన్నెండుకీ అంతే.
మలక్‌పేట నుంచి మెహదీపట్నం దాకా
అందరూ వాడి గంటలు కొనుక్కుని
వాడి గుమ్మం ముందే నిలబడ్డట్టున్నారు.

టోపీ వాడు ఎత్తాడు.
గొంతు సవరించుకున్నాడు.
పెట్టేశాడు.
నాకొక కాలు పోయింది.

సర్కారుది మోగుతూనే ఉంది.
మోగీ మోగీ
నిద్రలోంచి లేచినట్టు ఎత్తింది:
కీచుమంది, సన్నగా సాగింది,
కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు
సుయ్యిమంది, ఆగింది.
నా వైపు నుంచి జవాబు రావాలి కాబోలు.
మళ్లీ మొదట్నుంచీ అడిగింది.
చిన్నపిల్లకి ఏక్కం చెప్పించినంత ఓపికగా
మూడుసార్లు అడిగింది.
ఏమనాలో తోచక
"హలో" అన్నాను.

లైను కింది వాటా నరసింగరావు గారిది,
నాది పారలల్.
టక్కున అటు రిసీవరు లేచింది.
"ఎవరమ్మా ఈ రాత్రప్పుడు? ఏంటా ఏడుపు?"

"ఇంటర్నెట్టండీ."

"ఏం కావాలట?"

కరెంటు బిల్లు మడిచి ఫారంలో పెడుతూ
"నన్ను సోమవారం రమ్మంటోందండీ" అన్నాను.