లేత పసుపు

నల్లా వచ్చేది రోజు విడిచి రోజు,
పొద్దున నాలుగున్నరకు.
అప్పటికే నేను ఫిరోజ్‌గూడ సందులో ఉంటాను.
చేతిలో వేలెడంత గాజు గొట్టం,
సంచిలో మందు సీసా, ఆ మందు కాదు.
మూడో ఇంటి నల్లా కింద గొట్టం నింపి
రెండు చుక్కలు వేసి
వీధి లైటుకు ఎత్తి పట్టి చూస్తాను.
లేత పసుపు తేలితే నీళ్ళు మంచివి.
తేలకపోతే ఎవరినో నిద్ర లేపి
తిట్లు తినాలి.

అదే సందు చివర, రేకుల షెడ్డు మేడ మీద
భిక్షపతి గౌడ్ కూడా ఒక గ్లాసు ఎత్తి పట్టి చూస్తాడు.
ఆయనకూ కావలసింది పసుపే.
బాలానగర్‌లో ముప్పై ఏళ్ళు లేతు మీద ఇనుము చెక్కినవాడు
ఇప్పుడు పాత పాల క్యానుకు మూత చెక్కి, గొట్టం బిగించి
బార్లీ ఉడకబెడతాడు.
"అమ్మను మేడమ్. నాకు, మా తోడల్లునికి, అంతే"
అన్నాడు నేను అడక్కముందే.
నీళ్ళ బోర్డు మనిషిని, ఎక్సైజు కాదు అన్నాక
మెట్లు ఎక్కనిచ్చాడు.

పిలిచింది ఫిర్యాదుకు.
"వాసన చూడు" అని గ్లాసు ముక్కు దగ్గర పెట్టాడు.
చూశాను.
ఫినాయిలుతో తుడిచిన దవాఖాన వరండా,
తడిసిన గాయం పట్టీ.
నురగ మాత్రం బాగుంది, పాపం.
"ఇరవై రోజులు పసిపిల్లలెక్క చూసుకున్న.
మీరు చిటికెడు పొడితోని చంపిన్రు.
మా తాతకు ఈ బాధ లేకుండె.
తాటిచెట్టు ఏ నీళ్ళు తాగినా
లోపట్నే వడగట్టి లొట్టిల ఇడిచేది.
నాకు చెట్టు లేదు. నల్లా ఉంది."

నేను తప్పైందని అనలేదు.
పోయిన వానల్లో మోరీ నీళ్ళు పైపులో కలిసినప్పుడు
కింది వరస ఇళ్ళలో పదకొండు మంది పిల్లలకు
కళ్ళు పసుపెక్కాయి.
ముబీనా చిన్నోడు గోడకానుకుని
నా గాజు గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాడు,
ఆడుకోవడానికి ఇస్తానేమో అని.
ఆ వారం పొడి పెంచమని రాసిన కాగితం మీద
సంతకం నాదే.

ఆయన ఏమీ అనలేదు.
క్యాను వంచి
ఐదు లీటర్లూ మోరీలో పోశాడు.

వెళ్తూ వెళ్తూ చెప్పాను:
వెడల్పు గంగాళంలో నీళ్ళు పట్టి
రాత్రంతా మూత లేకుండా మేడ మీద పెట్టు,
ఆ వాసన గాలికే పోతుంది.
పిల్లి తాగకుండా చూసుకో.

తెల్లారి ఆ గంగాళంలోంచి గొట్టం నింపాను.
రెండు చుక్కలు.
పసుపు తేలలేదు.
ఇన్నేళ్ళ నౌకరీలో
తేలనందుకు సంతోషపడింది ఆ ఒక్క రోజే.

ఆ తర్వాత ఆయనకు పిచ్చి పట్టింది.
బోరింగ్ నీళ్ళతో ఒకటి, ట్యాంకరు నీళ్ళతో ఒకటి,
సీసాల మీద పెన్సిలుతో తేదీలు.
ఆ బోరింగ్ నీళ్ళకు పప్పు ఉడకదు,
టీ మీద తెట్టు కడుతుంది, సబ్బు నురగే రాదు.
కానీ మాడ్చిన బార్లీతో చేసిన నల్ల బీరుకు
ఆ మొండి నీళ్ళే కుదిరాయి.
పులుపును గుట్టల రాయి మింగేసినట్టుంది.
తెల్ల బీరుకు అవే పోస్తే
నాలిక మీద సున్నం గోడ.

మొన్న ఏప్రిల్లో ఫోన్ చేశాడు.
"నల్లా మారింది మేడమ్.
అదే బార్లీ, అదే గంగాళం. రుచి ఏరే."
నేను కాసేపు మాట్లాడలేదు.
సింగూరు అడుగంటిందని, గోదావరి నీళ్ళు కలుపుతున్నారని
మాకే ఆ ముందు రోజు సాయంత్రం తెలిసింది.
పేపర్లో ఇంకా రాలేదు.

రిజిస్టరులో క్లోరిన్‌కు గడి ఉంది,
మురికికి గడి ఉంది, టైముకు ఉంది.
భిక్షపతి నాలికకు లేదు.
అంచున, పెన్సిలుతో,
చిన్నగా రాసుకున్నాను.